కర్రెమిట్టకు మంజూరైన అగ్నిపర్వతం

కర్రెమిట్టకు అగ్నిపర్వతం భూమిలోంచి రాలేదు. జిల్లా కలెక్టరేటు రెండో అంతస్తులోంచి వచ్చింది.

ఆ ఏడు పైనుంచి ఒక పథకం దిగింది. దాని పేరు ‘మండలానికో విపత్తు’. ప్రతి మండలమూ తనకంటూ ఒక విపత్తును ఎంచుకుని, దానికో కమిటీ వేసి, బోర్డు పాతి, సైరన్ బిగించి, నెలనెలా పురోగతి చూపించాలి. పురోగతి అంటే విపత్తు తగ్గడమా పెరగడమా అన్నది ఉత్తర్వులో లేదు. విపత్తు లేని మండలానికి నిధులు లేవన్న ముక్క మాత్రం ఉంది, అదీ కింద గీత గీసి మరీ.

విపత్తుల పంపకానికి పెట్టిన సమావేశానికి తహసీల్దారు పురుషోత్తం ఆలస్యంగా చేరాడు. దారిలో జీపు టైరు పంక్చరైంది. ఆయన చెమట తుడుచుకుంటూ హాల్లోకి అడుగుపెట్టేసరికి మంచి మంచి విపత్తులన్నీ అయిపోయాయి. వరదను ఏటి ఒడ్డు మండలాలు ముందే పంచేసుకున్నాయి. కరువు కోసం ముగ్గురు తహసీల్దార్లు మాటా మాటా అనుకుని చివరికి చీట్లు వేసుకున్నారు. పిడుగులు, వడదెబ్బ, మిడతలు, ఆఖరికి కోతుల బెడదను కూడా ఎవరో చంకన పెట్టుకుపోయారు. మిగిలినవి రెండే: సునామీ, అగ్నిపర్వతం.

పురుషోత్తం ఆలోచనాపరుడు. సునామీకి సముద్రం కావాలి, అది తన పరిధిలో లేదు. అగ్నిపర్వతానికి ఒక మిట్ట ఉంటే చాలు. మిట్ట ఉంది, దాని మీద కర్రెమిట్ట అనే ఊరుంది. ఎప్పుడో మనిషి పుట్టకముందు భూమి పగుళ్ళలోంచి పొంగిన లావా పొరలు పొరలుగా పరుచుకుని గడ్డకట్టిన నేల అది. ఆ నల్లరాయే చితికి చితికి నల్లరేగడి అయింది, రేగట్లో జొన్నా శనగా పండుతున్నాయి. ఈ సంగతి బడి పుస్తకంలోనే ఉంది. ఆ నిప్పు ఆరి కోట్ల ఏళ్ళు దాటింది కదండీ అని వెనక బెంచీలోంచి ఎవరో గొణిగారు.

“ఆరిపోయినట్టు ధ్రువీకరణ పత్రం ఏదైనా ఫైల్లో ఉందా?” అన్నాడు పురుషోత్తం.

లేదు. అగ్నిపర్వతం మంజూరైంది.

ఈ పంపకాల సంగతేమీ కర్రెమిట్టలో సేద్యం చేసుకునే తుల్జమ్మకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఒకనాటి పొద్దున నలుగురు మనుషులు వచ్చి తన వాకిటి ముందు గుంత తీసి ఒక రేకు బోర్డు పాతడం. ‘లావా ప్రవహించు మార్గము. ఇచ్చట వాహనములు నిలుపరాదు’ అని దాని మీద రాసి ఉంది. బాణం గుర్తు తిన్నగా ఆమె ఇంటి గుమ్మంలోకి చూపిస్తోంది. అక్కడ ఎప్పుడూ ఎడ్లబండి నిలిపి ఉంటుంది. బండిని వెనక్కి లాక్కోమన్నారు. లావా వచ్చేటప్పుడు చెప్పండి, అప్పుడు లాక్కుంటాను అంది తుల్జమ్మ. ఆమె భర్త మాణిక్యప్ప మాత్రం చొక్కా లోపలికి దోపుకున్నవాళ్ళు ఏం చెప్పినా అవుననే మనిషి. బండిని తానే లాగేశాడు.

ఆ తరువాత సైరన్ వచ్చింది. వారానికోసారి అది మోగుతుంది, మోగగానే ఊరు పరుగెత్తాలి. ఎటు పరుగెత్తాలో చెప్పే పుస్తకం ఏటి ఒడ్డు మండలం నుంచి తెప్పించారు. విపత్తు వచ్చినప్పుడు వెంటనే సమీపంలోని ఎత్తైన ప్రదేశానికి చేరుకోవాలని అందులో ఉంది. ఎత్తైన ప్రదేశం అగ్నిపర్వతమే కాబట్టి, సైరన్ మోగిన ప్రతిసారీ ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో వెళ్ళి అగ్నిపర్వతం నెత్తి మీద కూర్చునేది. అందరూ క్షేమంగా చేరినట్టు ఫోటో తీసి పంపించేవారు. తుల్జమ్మ అత్త నర్సవ్వకు నడుము వంగదు, చెవి సరిగా వినపడదు. సైరన్ మోగినప్పుడల్లా ఆమె, “ఎవ్వరు సచ్చిండ్రే?” అని అడిగేది.

“ఇంక ఎవ్వరు సావలే అత్తా. కమిటీ ఏసిండ్రు,” అనేది తుల్జమ్మ.

ఈ వ్యవహారమంతా నడపడానికి పంచాయతీ కార్యదర్శి హరిణికి అగ్నిపర్వత బాధ్యతలు అదనంగా అప్పజెప్పారు. ఆ పిల్ల పట్నంలో చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరింది. పన్ను వసూలు, మురికి కాలువలు, మొక్కలు, వీధి దీపాలు అప్పటికే ఆమె నెత్తిన ఉన్నాయి. వారానికోసారి ఊరంతా తిరిగి పొగ ఉందో లేదో చూసి పైకి చెప్పాలి. లేదు, లేదు, లేదు అని చెబుతూ వచ్చింది. చివరికి ఆమెకు మెమో వచ్చింది. ‘మీ అగ్నిపర్వతము పనితీరు సంతృప్తికరముగా లేదు. తగు సంజాయిషీ సమర్పించవలెను.’

హరిణి మొహం పాలిపోయింది. అలా ఉన్న రోజుల్లోనే తుల్జమ్మ పాతర తెరిచింది.

కర్రెమిట్టలో జొన్నలు ఇంట్లో దాచుకోరు. ఎత్తు మీది ఊరు కదా, నీరు నిలవని గట్టి మొరం నేల. వాకిట్లో మనిషి మునిగేంత గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ ఎండుగడ్డి పేర్చి, కొత్త జొన్నలు పోసి, పైన గడ్డి, గడ్డి మీద బండ, బండ మీద మన్ను వేసి అలికేస్తారు. అదే పాతర. పురుగు పట్టదు, ఎలుక చేరదు, అంతసేపు తవ్వే ఓపిక దొంగకూ ఉండదు. వానాకాలం నడుమ, ఇంట్లో గంప అడుగంటాక, వాన తెరిపి ఇచ్చిన రోజు చూసుకుని తెరుస్తారు. తెరవగానే దిగరు. నెలల తరబడి మూతపడిన గోతిలోంచి వెచ్చటి ఘాటు గాలి గుప్పున కొడుతుంది. ఆ గాలిలోకి దిగినవాడు పైకి రాడు. అది పోయేదాకా ఆగి, దీపం దించి చూసి, దీపం ఆరకపోతేనే మనిషి దిగుతాడు. అలాగని ఎక్కువసేపు ఆగడానికీ లేదు. తెరిచిన పాతరను పొద్దుగూకేలోగా ఖాళీ చేయాలి. చెమ్మ తగిలిందా, గింజ ఉడుకెత్తి, పులిసి, నల్లబడి పశువు కూడా మూతి పెట్టనిదైపోతుంది.

తుల్జమ్మ పాతరలో ఉన్నది మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ముగ్గురి తిండి. అంతకు మించి ఆ ఇంట్లో దాచుకున్నదేమీ లేదు.

ఆ పొద్దున చలిగా ఉంది. మాణిక్యప్ప బండ జరిపాడో లేదో తెల్లటి ఆవిరి లేచి వేపచెట్టు దాకా పోయింది. అప్పుడే హరిణి వీధిలోకి వచ్చింది. వచ్చి నిలబడిపోయింది.

“అమ్మా, అది పొగేనా?”

“పొగ గాదు బిడ్డా. పాతర గాలి.”

“తెల్లగా ఉంది కదా?”

“ఆఁ, తెల్లగనే ఉంటది.”

“వేడిగా ఉందా?”

“సెయ్యి వెట్టి సూడు. ఎచ్చగుంటది.”

“భూమి లోపలి నుంచే వస్తోంది కదా?”

“పాతర భూమిలనే ఉంటది గద బిడ్డా, మిద్దె మీద ఉంటదా?”

తుల్జమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. హరిణి పైకి చెప్పినదాంట్లోనూ ఒక్క ముక్క అబద్ధం లేదు. తెల్లగా ఉంది, వేడిగా ఉంది, భూమిలోంచి వస్తోంది.

మధ్యాహ్నం కాకముందే జీపు వచ్చేసింది. మునుపు పిడుగు పడి ఊళ్ళో ఎడ్లు చచ్చినప్పుడు ఎంత మొత్తుకున్నా రాని జీపు అది. పిడుగు పక్క మండలం విపత్తు మరి. పురుషోత్తం జీపు దిగి, ఆవిరి వంక చూసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. బిడ్డ పుట్టిందన్న కబురు విన్నప్పుడు కూడా ఆయన అంత సంతోషపడలేదని డ్రైవరు తరువాత చెప్పాడు. పాతర చుట్టూ కర్రలు పాతి ఎర్ర రిబ్బను కట్టించాడు.

“సదరు బిలాన్ని ఇందుమూలముగా శాఖ స్వాధీనం చేసుకుంటోంది,” అన్నాడు.

“లోపట జొన్నలున్నయి సార్,” అంది తుల్జమ్మ.

“ఉండొచ్చమ్మా. అగ్నిపర్వతం లోపల ఏమేం ఉంటాయో చూసి వచ్చినవాళ్ళెవరు?”

“నేను సూసిన సార్. నేనే వోసిన.”

“అలా అనకండి. అగ్నిపర్వతంలో పదార్థాలు పోయడం శిక్షార్హమైన నేరం. మీరు పెద్దవారు కాబట్టి నేను వినలేదనుకుంటాను.”

“పొద్దుమూకేలోపట ఎల్లదీయకపోతే ఖరాబైతయి సార్. మబ్బు వట్టింది సూడుండ్రి.”

“వర్షం వల్ల అగ్నిపర్వతానికి నష్టం కలగకుండా తగు చర్యలు తీసుకుంటాం,” అని ఆయన టార్పాలిన్ తెప్పించి పాతర నోటికి కప్పించాడు. తాడు కట్టిన థర్మామీటరు ఒకటి లోపలికి జారవిడిచారు. ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టారు. మాణిక్యప్ప ఆ కానిస్టేబుల్‌కు కూర్చోవడానికి తమ మంచమే తెచ్చి వేశాడు. తుల్జమ్మ అతని వంక చూసిన చూపు చెప్పతరం కాదు.

సాయంత్రం వాన పడింది. టార్పాలిన్‌కు చిల్లులున్నాయి. మర్నాటికి జొన్నలు వెచ్చబడ్డాయి. ఆ మర్నాటికి ఇంకా వెచ్చబడ్డాయి. థర్మామీటరు పైకి తీసిన ప్రతిసారీ హరిణి చెప్పే అంకె పెరుగుతూ పోయింది, అంకె పెరిగినకొద్దీ పై అధికారుల హోదా కూడా పెరుగుతూ పోయింది. చివరికి రాజధాని నుంచి డాక్టర్ చక్రపాణి వచ్చాడు. రాష్ట్రంలో అగ్నిపర్వతాల నిపుణుడు ఆయనొక్కడే. విదేశీ అధ్యయన యాత్రలో ఒకసారి హోటలు కిటికీలోంచి స్వయంగా చూశాడు.

ఆయన టార్పాలిన్ కాస్త ఎత్తి వాసన పీల్చాడు.

“ఘాటుగా, పుల్లగా ఉంది,” అన్నాడు.

“జొన్నలు పులుస్తున్నయి సార్,” అంది తుల్జమ్మ రిబ్బను అవతలి నుంచి.

“పులుపంటే ఆమ్లం. ఆమ్ల వాయువులంటే ఇంక సందేహం అక్కర్లేదు,” అని చక్రపాణి తహసీల్దారు చేయి పట్టుకుని ఊపాడు. “అభినందనలు. మీది నిద్రాణ దశ దాటింది.”

హెచ్చరిక పసుపు నుంచి నారింజకు మారింది. బడికి సెలవిచ్చారు. పొయ్యిలు వెలిగిస్తే అగ్నిపర్వతం రెచ్చిపోవచ్చునని రోజుకు ఒక్కపూటే వండుకోమన్నారు. మిగతా ఇళ్ళవాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా తమ పాతరల మీద పేడ కుప్పలు పోసి, మంచాలు వేసి, తమకు ఈ జన్మలో జొన్నలతో సంబంధం లేనట్టు కూర్చున్నారు. తుల్జమ్మ మాత్రం రోజూ రిబ్బను దగ్గరికి వచ్చి నిలబడి గాలి పీల్చేది. వాసన నిన్నటికన్నా ఇవాళ ముదిరిందని ఆమె ముక్కుకు తెలిసేది. పొలంలో వంగి వంగి కోసిన కంకులు, కల్లంలో తూర్పారబట్టిన గింజలు, తన చేత్తో పోసి తన చేత్తో అలికిన పాతర. కళ్ళ ముందే మురిగిపోతున్నాయి. ఏడుపు వచ్చేది. కోపం అంతకన్నా ఎక్కువ వచ్చేది. ఇంట్లో నర్సవ్వ రేషన్ బియ్యం అన్నం రెండు ముద్దలు తిని కంచం జరిపేసి, “కడుపుల ఏం వడ్డట్టే లేదే. ఇంత రొట్టె జేయరాదే,” అని అడిగేది. పాతర ఎందుకు తీయకూడదో ఆ ముసలామెకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. చెప్పేవాళ్ళకూ అర్థం కాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఒకరోజు తుల్జమ్మ భర్తను పక్కకు పిలిచింది.

“ఈల్లకు జొన్నలంటే సమజైతలేదయ్యా. ఎన్నిమాట్ల జెప్పినా ఇనవడ్తలేదు. లావ అంటే లేశి కూసుంటున్నరు. మనం గూడ లావనే అందాం.”

“అబద్ధమైతది గదనే,” అన్నాడు మాణిక్యప్ప.

“ఊరంత సైరన్ మోగితే ఉరుకుతున్నరు, అది నిజమా? మనదొక్కటే ఎక్కువైతదా?”

ఇద్దరూ హరిణి దగ్గరికి వెళ్ళారు. ఆమె అర్జీ పొందిగ్గా రాసిపెట్టింది. ‘మా వాకిటి యందలి అగ్నిపర్వతములో లావా నిండి పొంగుటకు సిద్ధముగా నున్నందున, ప్రజాక్షేమము దృష్ట్యా దానిని తోడివేయుటకు అనుమతి దయచేయ ప్రార్థన.’ తుల్జమ్మ వేలిముద్ర వేసింది. ఇన్ని రోజులు కదలని కార్యాలయం ఆ పూటే కదిలింది. “ఒత్తిడి నివారణ చర్య! ప్రపంచంలో ఎక్కడా జరగలేదు,” అన్నాడు చక్రపాణి. తళతళలాడే వెండిరంగు దుస్తులు, ఇనుప టోపీలు వచ్చాయి. ఆ దుస్తుల్లో మాణిక్యప్పను చూసి అతని ఎడ్లే బెదిరి తాడు తెంపుకున్నాయి.

దిగేముందు దీపం దించబోతే, అగ్నిపర్వతంలోకి నిప్పు తీసుకెళ్ళవచ్చునా అని హరిణికి సందేహం వచ్చింది. “మనిషి సస్తడు బిడ్డా,” అంది తుల్జమ్మ. హరిణి పక్కకు జరిగింది. దీపం దిగింది, ఆరలేదు. మాణిక్యప్ప దిగాడు.

మొదటి గంపలు పైకి వచ్చాయి. నల్లటి ముద్దలు, ముక్కు మూసుకున్నా ఆగని కంపు. చక్రపాణి ఆ ముద్దలను గాజు సీసాలో ఎత్తి పెట్టుకున్నాడు. కానీ ఇంకా కిందికి పోయినకొద్దీ రంగు తేరుకుంది. వాన పైపొరనే తిన్నది. ఒక గంప పైకి వచ్చేసరికి గింజ తెల్లగా, పొడిగా, గలగలమంటూ ఉంది. తుల్జమ్మ నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికింది. పటుక్కుమన్నాయి. ఆ చప్పుడు విని ఆమెకు పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది. ముఖం మీద కొంగు కప్పుకుని నవ్వింది. బస్తాలు ఒకదాని పక్కన ఒకటి వాకిట్లో బారులు తీరాయి.

అప్పుడు వీధి మలుపులో లారీ హారన్ వినిపించింది.

“ఎత్తండి,” అన్నాడు పురుషోత్తం లారీ కూలీలతో.

“ఎటు సార్?” అంది తుల్జమ్మ.

“మండల గోదాముకు. లావా ఖనిజం అమ్మా. భూమి లోపలి ఖనిజాలన్నీ ప్రభుత్వానివి.”

“గివి జొన్నలు సార్. మీరే సూడుండ్రి.”

“అర్జీలో మీరే లావా అన్నారు. వేలిముద్ర మీదే.” ఆయన బస్తాలోంచి గుప్పెడు తీసి చూశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నాకు జొన్నలు తెలియవా అమ్మా? మా ఇంట్లో పూటపూటా రొట్టెలే. కానీ ఇప్పుడు ఇవి జొన్నలని రాస్తే, ఇన్నాళ్ళు పోలీసును పెట్టి దేన్ని కాపలా కాశావని నన్ను అడుగుతారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు.” ప్రభుత్వ సొత్తు కాబట్టి గుప్పెట్లోని గింజలను ఒక్కటి కూడా కింద పడకుండా తిరిగి బస్తాలో పోశాడు.

లారీ వెళ్ళిపోయింది. మాణిక్యప్ప వెండిరంగు దుస్తుల్లోనే గట్టు మీద కూలబడ్డాడు. తప్పు చేసింది తానే అనిపించి తుల్జమ్మకు మరీ మంటగా ఉంది. వాళ్ళ మాట వాళ్ళకే అప్పజెప్పి గెలుద్దామనుకుంది. ఆ మాట మీద హక్కు కూడా వాళ్ళదేనని ఆమెకు తట్టలేదు.

ఆ రోజుల్లో ఇరుగుపొరుగు కొంగుచాటున గిన్నెడు, రెండు గిన్నెలు జొన్నలు తెచ్చిచ్చారు. అవి నర్సవ్వకే సరిపెట్టి, తామిద్దరూ రేషన్ బియ్యంతో సరిపెట్టుకున్నారు. పండగలు వచ్చాయి, వానలు వెనకబట్టాయి, చలి మొదలైంది.

ఒకనాడు పురుషోత్తం జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి హడావుడి లేకుండా వచ్చింది. ఆయన గుమ్మం బయట బూట్లు విప్పి, లోపలికి వచ్చి, కూర్చోమనకుండానే మంచం మీద కూర్చున్నాడు. వెనకే హరిణి నిలబడింది.

“అమ్మా, ఢిల్లీ నుంచి కేంద్ర బృందం వస్తోంది. మన అగ్నిపర్వతాన్ని చూడటానికి,” అన్నాడు.

“రానియ్యుండ్రి సార్. సల్లగుంది, కూసుంటరు.”

“చల్లగా ఉండబట్టే వచ్చానమ్మా. పొగ రావడం లేదు. పొగ లేకపోతే అగ్నిపర్వతం లేదంటారు. లేనిదానికి ఇంత ఖర్చెందుకు చేశావంటారు.” ఆయన మంచం అంచుకు జరిగాడు. “మళ్ళీ పొగ రావాలంటే ఏం చేయాలి?”

తుల్జమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి, చాయ్ గిన్నె దించి, ఇద్దరికీ పోసి ఇచ్చి, అప్పుడు కూర్చుంది.

“లావ వొయ్యాలె సార్.”

“ఎంత?”

“దీనిల నుంచి ఎంత తీసిండ్రో గంత. ఒక్క బస్త తక్కువైనా పొగ రాదు.”

పురుషోత్తం చాయ్ తాగుతూ ఆలోచించాడు. గోదాములో ఆ బస్తాలను ఏ పద్దు కింద పెట్టాలో తెలియక గనుల శాఖ, వ్యవసాయ శాఖ ఒకరి మీదికి ఒకరు తోసుకుంటున్నాయి. అవి అక్కడి నుంచి కదిలితే అందరికీ సుఖమే. ‘అగ్నిపర్వత పునరుద్ధరణ’ అన్న పేరుతో ఉత్తర్వు వచ్చింది. ఆ లారీయే బస్తాలను వెనక్కి తెచ్చింది. తుల్జమ్మ ముందుగా పాతరను ఎండబెట్టించి, గడ్డి మార్పించి, మెతకబడిన గింజలు ఏరించి, జొన్నలను వాకిట్లో ఆరబోయించి, తన చేత్తోనే పోసింది. కూలీలు బండ సరిగ్గా పెట్టలేదని మళ్ళీ తీయించింది. అంత శ్రద్ధగా అగ్నిపర్వతాన్ని ఎవరూ బాగు చేయలేదని హరిణి మెచ్చుకుంది.

బృందం మంచి చలిలో వచ్చింది. సూర్యుడు పైకి రాకముందే బండ జరిపించారు. తెల్లటి ఆవిరి బుస్సున లేచింది. బృందం పెద్ద, ఒక నెరిసిన జుట్టాయన, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని సంతోషంగా దగ్గాడు. థర్మామీటరు చూశాడు. చక్రపాణి సీసాలోని నల్ల ముద్దలు చూశాడు. ఫోటోలు అయ్యాయి. ‘సజీవం’ అని తేల్చారు. చప్పట్లు కొట్టారు.

“ఇక తోడేసి గోదాముకు తరలిస్తాం సార్,” అన్నాడు పురుషోత్తం. లారీ సిద్ధంగానే ఉంది.

తుల్జమ్మ రిబ్బను కింద నుంచి దూరి నేరుగా బృందం పెద్ద ముందు నిలబడింది.

“లారీల వోతే సచ్చిపోతది సార్.”

“ఏది?” అన్నాడాయన. ఆమె మాటలను చక్రపాణి ఎప్పటికప్పుడు హిందీలో చెబుతున్నాడు.

“అగ్నిపర్వతం. పోయినమాటు లావ లారీల వోయింది, ఇది ఆరిపోయింది. మల్ల దెచ్చి వోస్తే పానం వొచ్చింది. ఈ సార్‌నే అడుగుండ్రి, సొంతంగ సూసిండు.”

బృందం పెద్ద పురుషోత్తం వైపు తిరిగాడు. పురుషోత్తం నోరు తెరిచాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఎందుకు కాదో చెబితే జొన్నలని చెప్పాలి. ఆయన నోరు మూసుకుని, అవునన్నట్టు తల ఊపాడు.

“ఇది చాలా ముఖ్యమైన పరిశీలన,” అన్నాడు పెద్దాయన. అక్కడికక్కడే నిర్ణయమైంది. సజీవ అగ్నిపర్వత పదార్థాన్ని స్థానం నుంచి కదిలించరాదు. బయటికి తీసినది స్థానికంగానే భద్రపరచాలి. ఈ విషయంలో అవగాహన కనబరిచిన స్థానిక మహిళను లావా సంరక్షకురాలిగా నియమించాలి. జీతం ప్రసక్తి లేదు. ప్రతినెలా కార్యదర్శి వచ్చి లావాను తూకం వేసి, తరుగు లేనట్టు చూసుకోవాలి.

తరుగు లేనట్టు అన్న మాట దగ్గర పురుషోత్తం తుల్జమ్మ వంక చూశాడు. ఆయన కళ్ళలో ఇందాకటి ఓటమి తీరిన తృప్తి కనిపించింది. బస్తాలు లారీ ఎక్కలేదు. ఆమె ఇంట్లోకి వెళ్ళాయి, ఒక్కొక్కదాని మూతికీ లక్క ముద్ర వేసుకుని వెళ్ళాయి.

ఆ సాయంత్రం తుల్జమ్మ బస్తాల ఎదురుగా చాలాసేపు కూర్చుంది. మాణిక్యప్ప ముద్రల జోలికి పోవద్దని, ఈసారి జైలేనని రెండుసార్లు చెప్పాడు. లోపలి గదిలోంచి నర్సవ్వ రొట్టె ఊసు ఎత్తింది. తుల్జమ్మ లేచింది. కొడవలి అందుకుని మొదటి బస్తా మూతి కోసింది.

నెల తిరిగేసరికి హరిణి తక్కెడతో వచ్చింది. ఒక్కొక్క బస్తా తూచింది. చివరి బస్తా చేరేసరికి మొహం కందిపోయింది.

“అమ్మా, లావా తగ్గింది.”

“తగ్గుతది బిడ్డా. తిని పోదువు, కూసో.”

హరిణి పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మురికి కాలువల లెక్కతో తెల్లవారింది, వీధి దీపాల గొడవతో మధ్యాహ్నమైంది. పెనం మీది నుంచి దించిన రొట్టె, వేడివేడి పప్పు, ఉల్లిగడ్డ ముక్క కంచంలోకి వచ్చాయి. ఒకటి తిన్నది. అడగకుండానే వచ్చిన రెండోదీ తిన్నది. గోడకానుకుని నర్సవ్వ పప్పులో నానేసిన రొట్టెను చప్పరిస్తూ, ఎవరో పిల్ల బాగా తింటోందని సంతోషపడుతోంది.

చేయి కడుక్కున్నాక హరిణి కలం తీసి, కాసేపు గాల్లో పట్టుకుని, “తరుగు ఎందుకొచ్చిందని రాయమంటారు?” అంది.

“సదువుకున్నదానివి, నీకే తెల్వాలె.”

హరిణి ఆలోచించింది. వేడి పదార్థం చల్లారితే కుంచించుకుపోతుందని బడిలో చదివింది. అది శాస్త్రమే. పైవాళ్ళు కాదనలేరు. ‘లావా క్రమముగా చల్లారుచున్నందున పరిమాణములో తరుగు కానవచ్చినది’ అని రాసి, సంతకం పెట్టి, కలం మూత పెట్టింది.

“ఈ నెలకు సరిపోతుందమ్మా. వచ్చే నెల కూడా చల్లారుతుందా?”

“తినేటోల్లం ముగ్గురమున్నం,” అంది తుల్జమ్మ ఇంకో రొట్టె కంచంలో వేస్తూ. “పంట సేతికొచ్చేదాంక సల్లారుతనే ఉంటది.”